మూడు యూనిఫారాల పిల్ల

వినికిడి లోపం ఉన్న పిల్లలకి పాఠం చెప్పే చదువు చదివి గల్ఫ్‌కి బయల్దేరే ముందు నాకు ఫోన్ చేసే అమ్మాయిలు ఇప్పటికీ ఉన్నారు. "అక్కడ పని ఎలా ఉంటుంది మేడం?" అని అడుగుతారు. బ్రహ్మాండంగా ఉంటుందమ్మా అంటాను. గదిలో ఏసీ ఉంటుంది, తలుపు మీద బోర్డు ఉంటుంది, వేళకి చాయ్ వస్తుంది, పిల్లలు మాత్రం ఉండరు అంటాను. వాళ్ళు నవ్వేసి ఫోన్ పెట్టేస్తారు. పెద్దావిడ సరదా మనిషి అనుకుంటారు కాబోలు.

నేను సరదాకి చెప్పలేదు. నా ఉద్యోగం మొదటి రెండేళ్ళూ అచ్చంగా అలాగే గడిచింది. సర్టిఫికెట్ల సంగతీ ఇంక్రిమెంట్ల సంగతీ మిగతావాళ్ళు చెబుతారు. నేను ఒక్క పిల్ల సంగతి చెబుతాను. ఈ పనిలో నేను నేర్చుకున్నదంతా అందులోనే ఉంది.

ఉమ్మడి కాపురం

గుంటూరులో చెవిటి పిల్లల బడిలో చాలాకాలం పనిచేశాను. మా ఆయనకి గల్ఫ్‌లో, జెబెల్ అలీ అనే చోట ఒక ఫ్యాక్టరీలో ఉద్యోగం వచ్చింది. 2002లో ఆయన వెనకాలే నేనూ చేరాను. ఆయన తెల్లారకుండానే కంపెనీ బస్సెక్కితే చీకటి పడ్డాకే దిగేవారు. నాలుగు గోడలు చూస్తూ ఎన్నాళ్ళు కూర్చుంటాం? ఖుసైస్‌లో ఒక ఇండియన్ స్కూలుకి స్పెషల్ టీచరు కావాలని తెలిసి వెళ్ళాను. ఉద్యోగం ఇచ్చాక చెప్పారు, నేను కావలసింది ఒక స్కూలుకి కాదు, మూడు స్కూళ్ళకి అని.

ఖుసైస్‌లోది పెద్ద స్కూలు. అజ్మాన్‌లోది రెండు విల్లాల మధ్య గోడ పగలగొట్టి చేసిన స్కూలు. మూడోది ఫుజైరాలో, కొండల పక్కన, అన్నిటికంటే చిన్నది. మూడింటికీ యజమానులు వేరు. వినికిడి, మాట ఇబ్బంది ఉన్న పిల్లలకి ఏదో ఒక ఏర్పాటు ఉండాలని మినిస్ట్రీ అడగడం మొదలుపెట్టింది. ఒక్కో స్కూలూ ఒక్కో టీచర్ని పెట్టుకుంటే తడిసి మోపెడవుతుందని ముగ్గురూ కలిసి ఉమ్మడిగా ఒక విభాగం పెట్టారు. అందులో నేనొకదాన్ని, వినికిడి పరీక్ష చేసే ఆడియోమీటరు ఒకటి, వ్యాను ఒకటి, జగిత్యాల వైపు నుంచి వచ్చిన మల్లేశం అనే డ్రైవరు ఒకడు.

బోర్డు కూడా ఒక్కటే. ప్రత్యేక విద్యా విభాగం అని ఇంగ్లీషులోనూ అరబ్బీలోనూ రాసిన ఇత్తడి బోర్డు. మూడు స్కూళ్ళలోనూ తలుపుకి కొక్కేలు బిగించి పెట్టారు. మేం ఏ రోజు ఎక్కడికి వెళితే అక్కడ మల్లేశం దాన్ని తగిలించేవాడు, సాయంత్రం తీసి వ్యాన్లో పడేసేవాడు. పెళ్ళిళ్ళకి షామియానా వేసేవాళ్ళలాగే ఉండేది మా వ్యవహారం.

ఒక మాట ఒప్పుకోవాలి. ఆలోచన మంచిదే. ఒక్క స్కూలు మోయలేని ఖర్చు మూడు స్కూళ్ళు కలిసి మోయడంలో తప్పేముంది? ఎక్కడో కొండల పక్క ఉన్న చిన్న స్కూలుకి కూడా చదువుకున్న టీచరు వారానికో రోజు వస్తుందంటే అంతకంటే ఏం కావాలి? పప్పులో కాలేసింది ఖర్చు పంచుకునే దగ్గర. ఏ స్కూల్లో అలాంటి పిల్లలు ఎంతమంది ఉంటే ఆ స్కూలు అంత వాటా పెట్టుకోవాలి అని రాసుకున్నారు. వినడానికి ఎంత న్యాయంగా ఉందో చూడండి.

ఆ న్యాయం అమల్లోకి వచ్చిన రోజు నుంచి మూడు స్కూళ్ళలోనూ ఒక్క పిల్లకి కూడా ఏ లోపమూ లేకుండా పోయింది.

అందరికీ చెవులు బాగున్నాయి

ఖుసైస్ ప్రిన్సిపాల్ మల్హోత్రా మేడం. చాలా మర్యాదస్తురాలు. మొదటి వారం ఆవిడ గదిలోకి వెళ్ళి ఒకటో తరగతి పిల్లలందరికీ పరీక్ష చేస్తానన్నాను. ఆవిడ చాయ్ పోయించి, చక్కెర ఎంత అని అడిగి, ఆ తర్వాత అడిగింది, "ఎందుకు?" అని.

"వినికిడి తక్కువ ఉన్న పిల్లలెవరో తెలుస్తుంది కదా మేడం" అన్నాను.

"మా పిల్లలకి అలాంటివేం లేవు. మీరు పరీక్ష చేస్తే అప్పుడు ఉంటాయి" అంది.

ఇంత స్పష్టంగా వైద్యశాస్త్రం నాకు ఎవరూ చెప్పలేదు. ఆడియోమీటరుని మాత్రం ఆవిడ ఎంతో అపురూపంగా చూసుకుంది. తన గదిలో ఆటల పోటీల కప్పుల పక్కన అద్దాల బీరువాలో పెట్టి తాళం వేసింది. తల్లిదండ్రులు ఎవరొచ్చినా వేలు పెట్టి చూపించేది. పిల్లల చెవులకి తగిలితే పాడైపోతుందని భయం.

అజ్మాన్ స్కూలు మేనేజరుని అందరూ ముదీర్ అనేవారు. హైదరాబాద్ పాతబస్తీ మనిషి, తెలుగు బాగా వచ్చు. "అరె మేడం, మా దగ్గర పిల్లలు అల్లరోళ్ళు, అంతే. పిలిస్తే పలకరు. చెవుడు గివుడు ఏం లేదు. మీరు ఏసీలో కూసోండ్రి, ఖలాస్" అనేవాడు. నేను కూర్చునేదాన్ని. పిల్లల కోసం అట్టముక్కల మీద బొమ్మలు అంటించి మాటల కార్డులు చేసేదాన్ని. అవి ఒక సంచీ నిండాయి, చూసే పిల్లలే లేరు.

మల్లేశం ఒకరోజు ఫుజైరా దారిలో, మసాఫీ కొండల మధ్య, రాళ్ళ లారీల వెనక నత్తనడకన పోతూ అడిగాడు.

"మేడం, ఒక మాట అడుగుత, ఏమనుకోరుగద. మనం గింత దూరం ఎవరి కోసం పోతున్నం?"

"బోర్డు కోసం" అన్నాను.

"గట్లయితే మీరెందుకు, నేనొక్కన్నే పోయి తగిలిచ్చి వస్తగద" అన్నాడు.

నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది.

సుహాసిని

ఫుజైరాలో కుమారి అని ఒక నర్సు ఉండేది. నరసాపురం వైపు అమ్మాయి, ఆసుపత్రిలో ఉద్యోగం. భర్త ఓడలకి ఆయిల్ పోసే కంపెనీలో పనిచేస్తూ సగం రోజులు నీళ్ళ మీదే ఉండేవాడు. వాళ్ళకి ఒక్కతే కూతురు, సుహాసిని. ఒకటో తరగతి. ఒకరోజు కుమారి యూనిఫాం కూడా మార్చుకోకుండా డ్యూటీ నుంచి నేరుగా స్కూలుకొచ్చి, బోర్డు చూసి నా గది తలుపు తట్టింది.

"వందనాలక్కా. మీరు తెలుగోళ్ళంట గదా. మా పిల్ల మొద్దని టీచరు అంటంది. చెప్పింది చెయ్యదంట, అడిగితే గోడ వైపు చూస్తదంట. ఇంట్లో బానే ఉంటదక్కా. నా మొహం చూసి అన్నీ చెప్పుద్ది."

నా మొహం చూసి అన్న మాట నా చెవిన పడింది. పిల్లని పిలిపించాను. బొద్దుగా, పెద్ద కళ్ళతో ఉంది. రంగు పెన్సిళ్ళిచ్చి కూర్చోబెట్టి, వెనక నిలబడి పేరు పెట్టి పిలిచాను. పలకలేదు. చప్పట్లు కొట్టాను. బొమ్మకి రంగు వేసుకుంటూనే ఉంది. ఎదురుగా వచ్చి పెదాలు కదిలిస్తే మాత్రం చక్కగా నవ్వి "గుడ్ మార్నింగ్ మ్యామ్" అంది.

కుమారి నర్సు. నేను ఏమీ చెప్పక్కరలేకపోయింది. గోడకి ఆనుకుని నిలబడిపోయింది. "ఇన్నాళ్ళూ నేనే చూసుకోలేదక్కా" అని ఏడ్చింది. ఊరుకోమని చెప్పి, ఖుసైస్ వెళ్ళి బీరువా తాళం అడిగాను. మల్హోత్రా మేడం ఎందుకని అడిగింది. పరీక్ష చేయడానికి అన్నాను. మిషను కొన్న ఇన్నాళ్ళకి దాన్ని వాడాలన్న ఆలోచన ఎవరికైనా రావడం ఆవిడకి వింతగా అనిపించినట్టుంది. నాలుగుసార్లు అడిగాక తాళం ఇచ్చింది.

పరీక్షలో తేలింది. రెండు చెవులూ తక్కువే, అయితే పూర్తిగా పోలేదు. లావు గొంతులు కాస్త అందుతాయి, సన్నటి శబ్దాలు అసలు అందవు. చెవి మిషన్లు పెట్టి, ముందు బెంచీలో కూర్చోబెట్టి, వారం వారం నేను పాఠం చెబితే ఆ పిల్ల అందరితో సమానంగా చదువుతుంది. కుమారి తన ఆసుపత్రి డాక్టర్లని పట్టుకుని వారం తిరక్కుండా చెవి మిషన్లు పెట్టించింది. మొదటిసారి అవి పెట్టుకుని ఏసీ మోత విన్నప్పుడు సుహాసిని దాన్నే చూస్తూ కూర్చుంది. నేను చేసిన మాటల కార్డులకి చివరికి ఒక మనిషి దొరికింది.

తప్పు స్కూల్లో చేరిన పిల్ల

ఫుజైరా ప్రిన్సిపాల్ కురియన్ సార్. పరీక్ష ఫలితం పట్టుకెళ్ళి ఆయన ముందు పెట్టాను. మెచ్చుకుంటాడనుకున్నాను, అంత అమాయకురాలిని. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని ఇంగ్లీషులో చెప్పాడు.

"చాలా మంచి పిల్ల మేడం. కానీ తప్పు స్కూల్లో చేరింది."

"మన దగ్గర విభాగం ఉంది కదా సార్. నేనున్నాను కదా."

"విభాగం ఉండటం వేరు, పిల్లలుండటం వేరు. మిగతా రెండు స్కూళ్ళలో ఒక్కరూ లేరు. మా ఒక్కరికే ఒక పిల్ల ఉందంటే మొత్తం వాటా మా నెత్తిన పడుతుంది. మా యజమాని ఒప్పుకోడు."

అంటే ఇన్నాళ్ళూ ఎవరికీ పిల్లల్లేరు కాబట్టి ముగ్గురూ సమానంగా కడుతున్నారు. ఒక్క పిల్ల కనబడితే నేనూ, మల్లేశం, వ్యానూ, పెట్రోలూ, అంతా కురియన్ సార్ ఖర్చే. ఆయన దుర్మార్గుడు కాదు. రాసుకున్న లెక్క ఆయన చేత అలా మాట్లాడించింది. ఈ పనిలోకి వచ్చేవాళ్ళు ఇది గుర్తుపెట్టుకోండి: మనుషుల్ని తిట్టుకునే ముందు వాళ్ళు ఏ లెక్క ప్రకారం నడుస్తున్నారో చూడండి. ఆ తర్వాత తిట్టుకోవచ్చు. నేను తిట్టుకున్నాను.

నెలాఖరుకి టీసీ ఇచ్చేస్తానని కుమారికి చెప్పాడు. ఫుజైరాలో ఆ ఫీజులకి ఇంకో స్కూలు లేదు. ఉన్నా చెవి మిషన్లు చూసి ఎవరు చేర్చుకుంటారు? మిగిలిన దారి ఒక్కటే. ఆరేళ్ళ పిల్లని ఇండియా పంపి చెవిటి పిల్లల హాస్టల్లో వెయ్యడం. నేను ఆ హాస్టళ్ళలో పనిచేశాను. అక్కడి టీచర్లు మంచివాళ్ళే. కానీ చేరిన మొదటి నెల పిల్లలు గేటు వైపు తిరిగి పడుకోవడం నేను చూశాను.

"నేను రాజీనామా చేసి పిల్లతో ఎల్లిపోతానక్కా. దాన్ని ఒక్కదాన్నీ మాత్రం పంపను" అంది కుమారి. ఆ అమ్మాయి జీతం మీద ఊళ్ళో ఎంతమంది బతుకుతున్నారో నాకు తెలుసు.

పిల్ల కావలెను

సరిగ్గా అప్పుడు మినిస్ట్రీ నుంచి కబురొచ్చింది. ప్రత్యేక విద్యా విభాగాలు చూడటానికి ఇన్‌స్పెక్టరు వస్తున్నాడు. శనివారం ఖుసైస్, సోమవారం అజ్మాన్, బుధవారం ఫుజైరా. అప్పట్లో అక్కడ వారం శనివారంతో మొదలయ్యేది.

మూడు స్కూళ్ళవాళ్ళూ ఫోన్ల మీద ఫోన్లు చేసుకున్నారు. బోర్డు ఉంది. టీచరు ఉంది. మిషను ఉంది. ఇన్‌స్పెక్టరు పిల్లలేరి అంటే ఏం చూపించాలి? ఇన్నాళ్ళూ మా దగ్గర ఒక్కరూ లేరని పోటీపడి చెప్పుకున్న స్కూళ్ళలో ఇప్పుడు వెతికినా పరీక్ష చేసిన పిల్ల ఒక్కతే. టీసీ రాయడానికి సిద్ధంగా ఉన్న సుహాసిని.

ముదీరే ముందు తేల్చేశాడు. "టీచర్‌ని పంచుకున్నం, మిషన్ పంచుకున్నం. మూడు దినాలు పిల్లని పంచుకుంటె ఏంబోతది మేడం? యూనిఫాం మేమే ఇస్తం." లేకపోతే ఉమ్మడి లోంచి తప్పుకుంటామన్నాడు. వాళ్ళు తప్పుకుంటే నేను ఫుజైరా రావడం కూడా ఆగిపోతుంది. మల్హోత్రా మేడం వెంటనే గౌను కొలతలు అడిగింది.

నాకు ఒళ్ళు మండింది. కుమారితో చెప్పాను, నువ్వు కాదంటే నేను నీ పక్కనే నిలబడతాను, ఉద్యోగం పోతే పోయింది అని. కుమారి కొంగుతో కళ్ళు తుడుచుకుని నేరుగా కురియన్ సార్ గదిలోకి నడిచింది. వెనకాలే నేనూ వెళ్ళాను.

"మొన్న నా పిల్లకి ఒక్క స్కూల్లో చోటు లేదన్నారు సార్. ఇయ్యాళ మూడు స్కూళ్ళు కావాలంటన్నాయి. తీసుకొస్తాను. ఇన్‌స్పెక్షన్ అయ్యాక టీసీ మాట ఎత్తకూడదు" అంది హిందీలో.

"అయ్యాక చూద్దాం" అన్నాడాయన.

చూద్దాం అంటే గల్ఫ్‌లో ఏమిటో అక్కడున్న ముగ్గురికీ తెలుసు. అయినా కుమారి ఒప్పుకుంది. ఇంకో వారమైనా పిల్ల స్కూల్లో ఉంటుంది కదా అని.

పచ్చది నాది

శనివారం సుహాసిని నీలం గళ్ళ గౌనులో ఖుసైస్ స్కూలు పిల్ల. ఇన్‌స్పెక్టరు సూడాన్ దేశస్థుడు. పొడవాటి మనిషి, గొంతు బావిలోంచి వచ్చినట్టు లావుగా ఉంది. పిల్ల పేరు అడిగాడు, చెప్పింది. బొమ్మ చూపించమన్నాడు, చూపించింది. జేబులోంచి ఒక టాఫీ తీసి ఇచ్చి వెళ్ళిపోయాడు. మల్హోత్రా మేడం హాయిగా ఊపిరి పీల్చుకుంది.

సోమవారం మెరూన్ గౌను, అజ్మాన్. సుహాసిని తలుపుకి వీపు పెట్టి కూర్చుని బొమ్మకి రంగు వేస్తోంది. వరండాలో ఎవరో ముదీర్‌తో మాట్లాడుతూ వస్తున్నారు. తలుపు ఇంకా మూసే ఉంది. పిల్ల ఉన్నట్టుండి పెన్సిల్ కింద పెట్టి తలుపు వైపు తిరిగింది.

"టాఫీ అంకుల్" అంది.

మినిస్ట్రీలో ఎంతోమంది ఇన్‌స్పెక్టర్లు ఉంటారనీ, రోజుకొకరు వస్తారనీ మూడు స్కూళ్ళవాళ్ళూ అనుకున్నారు. ప్రత్యేక విద్య చూసే మనిషి వాళ్ళకీ ఒక్కడేననీ, మాలాగే వాళ్ళూ ఒకణ్ణే అన్ని ఊళ్ళకీ పంచుకుంటారనీ ఎవరికీ తట్టలేదు.

తలుపు తెరుచుకుంది. "దిస్ ఈజ్ అవర్ స్టూడెంట్ సర్, టూ ఇయర్స్" అంటున్న ముదీర్ వెనక ఆయన నిలబడ్డాడు. సుహాసిని లేచి వెళ్ళి చెయ్యి చాపింది. ఆయన గౌను వైపు చూశాడు. టాఫీ తీసి చేతిలో పెట్టి, వంగి, ఇంగ్లీషులో నెమ్మదిగా అడిగాడు.

"మొన్న నీలం వేసుకున్నావు కదా?"

"యెస్ అంకుల్. బ్లూ దిస్ స్కూల్ కాదు" అంది, సగం ఇంగ్లీషూ సగం తెలుగూ కలిపి. తర్వాత తన చేతిలో ఉన్న పచ్చ పెన్సిల్ ఎత్తి చూపించింది. "వెడ్‌నెస్‌డే గ్రీన్. గ్రీన్ ఈజ్ మైన్."

ఇన్‌స్పెక్టరు నా వైపు తిరిగి, "మీరు ఏ స్కూలు మేడం?" అన్నాడు.

"నేను నిజంగానే ముగ్గురిదాన్నీ సార్. నాకొక్కదానికే యూనిఫాం ఇవ్వలేదు" అన్నాను. ఇక దాచేదేముంది? అక్కడే నిలబడి మొత్తం చెప్పేశాను, పిల్లలెందుకు లేరో, వాటా లెక్క ఏమిటో, టీసీ ఎవరికి రాస్తున్నారో. ఆయన అంతా విని వెళ్ళిపోయాడు.

బుధవారం మేం ఫుజైరా చేరేసరికి ఆయన గేటు దగ్గర వాచ్‌మన్ కుర్చీలో కూర్చుని ఉన్నాడు. మల్లేశం వ్యాన్లోంచి బోర్డు దించుతుంటే చూస్తూనే ఉన్నాడు. "బరువుందా అని హిందీల అడిగిండు మేడం. ఇన్ని దినాలు ఉత్త బోర్డు మోసిన, గిప్పుడు జర తేలికయింది సార్ అన్న" అని మల్లేశం తర్వాత చెప్పాడు.

అజ్మాన్ నుంచి ఫోన్ ముందే వచ్చింది కాబట్టి కురియన్ సార్ సిద్ధంగా ఉన్నాడు. టీసీ మీద సంతకం చేసి బల్ల మీద పెట్టుకున్నాడు. ఇన్‌స్పెక్టరు అడగకముందే చెప్పాడు, "సార్, ఆ పిల్ల మా విద్యార్థి కాదు. వెళ్ళిపోయింది" అని. తలుపు దగ్గర నిలబడ్డ కుమారి నా చెయ్యి పట్టుకుంది.

ఇన్‌స్పెక్టరు లేచి మా గదిలోకి వచ్చాడు. కురియన్ సార్ వెనకాలే వచ్చాడు. సుహాసిని పచ్చ గౌనులో, తలుపుకి వీపు పెట్టి కూర్చుని ఉంది. ఆయన నోటికి అడ్డంగా చెయ్యి పెట్టుకుని, ఆ లావు గొంతుతోనే, మెల్లగా పిలిచాడు.

"సుహాసినీ."

పిల్ల తిరిగింది. నవ్వింది. కుమారి వెక్కిళ్ళు ఆపుకోలేకపోయింది.

ఆయన కురియన్ సార్‌తో అన్నాడు. "నీలం వాళ్ళు మా పిల్ల అన్నారు. మెరూన్ వాళ్ళు మా పిల్ల అన్నారు. ఈ అమ్మాయి పచ్చది నాది అంది. ఆమె మాట ఒక్కటే నిజమని నాకు తెలుసు. ఇప్పుడు మీరు చెప్పండి, ఈమె ఎవరి పిల్ల?"

కురియన్ సార్ మమ్మల్ని చూశాడు, పిల్ల చెవి మిషన్లు చూశాడు.

"మా పిల్లే సార్" అన్నాడు.

"మంచిది. వచ్చే ఏడు నేనే వస్తాను. వచ్చి ముందు ఈమెనే అడుగుతాను" అన్నాడు ఇన్‌స్పెక్టరు. ముగ్గురి మీదా ఏం చర్య తీసుకోవాలో రాయడానికి ఆయన దగ్గర కావలసినంత ఉంది. రాసింది మాత్రం ఒకటే. ఖర్చు పిల్లల్ని బట్టి కాకుండా, పిల్లలున్నా లేకున్నా ముగ్గురూ సమానంగా పెట్టుకోవాలి అని.

అంతే. కట్టక తప్పదని తెలిసిన మరుసటి నెలకి మూడు స్కూళ్ళలోనూ పిల్లలు పుట్టుకొచ్చారు. మల్హోత్రా మేడం బీరువా తాళం తనే పంపించింది. "కడుతున్నాం కదా, వాడుకోకపోతే ఎలా?" అంది. పిలిస్తే పలకని అజ్మాన్ అల్లరివాళ్ళలో ముగ్గురికి నిజంగానే వినబడదని తేలింది. ఏసీలో కూర్చుని చాయ్ తాగే తీరిక నాకు మళ్ళీ దొరకలేదు. కొత్తగా వచ్చే అమ్మాయిలకి నేను చెప్పేది ఇంతే. ఉమ్మడి విభాగం అని ఎక్కడైనా బోర్డు కనబడితే జీతం ఎంతని అడిగే ముందు, ఖర్చు ఎలా పంచుకుంటారో అడగండి. మీకు పిల్లలుంటారో ఉండరో అక్కడే తెలిసిపోతుంది.

కుమారి నీలం గౌనూ మెరూన్ గౌనూ ఉతికి, ఇస్త్రీ చేసి, వ్యాన్లో పెట్టి ఎవరివి వాళ్ళకి పంపించేసింది. నేను 2008లో ఉద్యోగం మాని వచ్చేసేనాటికి సుహాసిని పచ్చ గౌన్లు పొట్టివై పొట్టివై ఎన్నిసార్లు మారాయో నాకు గుర్తులేదు. రంగు మాత్రం మారలేదు.